నీలి పత్థర్ పేరు అడిగే ముందు దాని వతన్ అడగండి



నీలి రాళ్ళకు మన ఇళ్ళలో మూడు పేర్లు తిరుగుతుంటాయి. నీలం, ఫిరోజా, లాజవర్ద్. దాదీ ఉంగరంలో ఉన్నది ఫిరోజా. మామూ ఎవరో చెబితే కొనుక్కుని, వారం రోజులకే భయపడి తీసేసింది నీలం. లాజవర్ద్ పేరు మాత్రం ఉర్దూ మీడియంలో చదువుకున్న మాలాంటివాళ్ళ నోట్లోనే మిగిలింది. ఈ కాలం పిల్లలకు అది వట్టి రంగు పేరు కూడా కాదు.

కానీ అదే పిల్లల్లో కొందరికి ఈమధ్య కొత్త షౌక్ పట్టింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల గుట్టల్లో, మంజీర ఒడ్డున రాళ్ళు ఏరుకొస్తున్నారు. అట్టపెట్టెలో పేర్చుకుంటున్నారు. వాటిలో ఒక్క నీలి ముక్క కనబడితే చాలు, ఇల్లంతా హడావిడి. "ఇది నీలమా? ఎంత వస్తుంది?" అని పెద్దోళ్ళు అడుగుతారు. "ఇది ఏంది?" అని పిల్లలు అడుగుతారు. ఈ రెండింట్లో పిల్లల సవాలే సరైనది. ఆ సవాలుకు జవాబు వెతికే తరీఖా మన తారీఖ్‌లోనే ఉంది. వెయ్యేళ్ళ కిందటిది.

అబూ రైహాన్ అల్ బిరూనీ పేరు చాలామంది విన్నారు. 973లో ఖ్వారజమ్‌లో పుట్టాడు. గజనీ సుల్తానుల దర్బారులో గడిపాడు. హిందుస్తాన్ మీద ఆయన రాసిన కితాబు గురించి స్కూల్లో చెప్తారు. రాళ్ళ మీద, లోహాల మీద రాసిన కితాబు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. దాని పేరు 'కితాబుల్ జమాహిర్ ఫీ మారిఫతిల్ జవాహిర్'. సుల్తాన్ మౌదూద్ జమానాలో, ముసలితనంలో రాశాడు.

ఆయన ముందున్న మసలా మన ముందున్నదే. బజారులో రెండు నీలి రాళ్ళున్నాయి. రంగు ఒకటే. ఏది అసలు, ఏది నకిలీ? బిరూనీ కంటిని నమ్మలేదు, తరాజూను నమ్మాడు. రాయిని నీళ్ళలో ముంచితే ఎన్ని నీళ్ళు పక్కకు జరుగుతాయో తూకం వేశాడు. ఒకే సైజు ఉన్న వేరువేరు రాళ్ళ బరువులు పోల్చడానికి ఒక రాయిని మీయార్‌గా పెట్టుకున్నాడు. ఆ రాయి నీలి యాఖూత్, అంటే మన నీలమే. దాని బరువు నూరు అనుకుంటే మిగతావి ఎంత అని లెక్క కట్టాడు. లోహాలకు బంగారం ఎలాగో, జవాహరాత్‌కు నీలం అలాగ.

ఇంకో సంగతి. ఎర్ర యాఖూత్, నీలి యాఖూత్ ఒకే జాతివని మన పాత ఆలిములు ఒకే పేరు కింద ఉంచారు. నేటి సైన్స్ కూడా కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజమంటుంది. ఆ ఖనిజం ఇంగ్లీషు పేరు కోరండం. అది మన దక్షిణాది మాట 'కురువిందం' నుంచి పోయిందే.

బిరూనీ సబ్ర్ ఎట్లాంటిదో చెప్పే వాఖియా ఒకటుంది. పచ్చను చూస్తే పాముకు కళ్ళు పోతాయని ఆ కాలంలో అందరూ నమ్మేవారు. పెద్ద పెద్దోళ్ళు రాసినారు కూడా. ఆయన పాముకు పచ్చల హారం తగిలించి, దాని ముందు పచ్చలు ఊపి, నెలల తరబడి చూశాడు. పాముకు ఏమీ కాలేదు. ఆ మాటే రాసిపెట్టాడు. ఇప్పుడు మన బజార్లలో "నీలం పడితే తఖ్దీర్ తిరుగుతుంది, పడకపోతే ఇల్లు మునుగుతుంది" అని చెప్పి వేలకు వేలు తీసుకునేవాళ్ళున్నారు. నిఖా ఖర్చుకు దాచిన పైసలు అటు పోయిన ఇళ్ళు నాకు తెలుసు. లాభం, నష్టం అల్లాహ్ చేతిలో ఉన్నాయని చెప్పే మన దీన్ ఒకవైపు, పరీక్ష చేసి చూడమన్న మన ఇల్మ్ ఒకవైపు. రెండూ వదిలి ఉంగరానికి భయపడటం ఎందుకు?

ఇప్పుడు వతన్ సంగతికి వద్దాం. ప్రతి నీలి రాయికి ఒక వతన్ ఉంది. లాజవర్ద్ వతన్ బదఖ్షాన్. అఫ్గానిస్తాన్ కొండల్లో సర్-ఎ-సంగ్ గనుల నుంచి వేల ఏళ్ళుగా తీస్తున్నారు. ముదురు నీలంలో తెల్లటి చారలు, బంగారు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు బంగారం కాదు, ఇనుము, గంధకం కలిసిన పైరైట్. యూరప్ చిత్రకారులు దాన్ని నూరి రంగు చేసుకున్నారు. సముద్రం అవతలి నుంచి వచ్చింది కాబట్టి 'అల్ట్రామెరీన్' అన్నారు. ఇంగ్లీషులో నీలాకాశానికి వాడే 'ఎజూర్' మాట కూడా మన లాజవర్ద్ నుంచి పుట్టిందే. ఫిరోజాకు పేరు తెచ్చింది ఇరాన్‌లోని నిషాపూర్. నీలానికి సరందీబ్, అంటే శ్రీలంక, పాత వతన్. కశ్మీర్ నీలం 1880ల్లో పాడర్ లోయలో బయటపడింది.

దక్కన్‌లో నీలి రంగు ఎక్కడ చూస్తాం? మనకు దగ్గర్లో బీదర్. గీలాన్ నుంచి వచ్చిన ఖ్వాజా మహ్మూద్ గవాన్ 1472లో అక్కడ మదర్సా కట్టించాడు. దాని గోడల మీద మిగిలిన నీలి పలకలు ఇవాళ్టికీ మెరుస్తాయి. హైదరాబాద్ బాద్షాహీ అషూర్‌ఖానాలోనూ అలాంటి పనితనమే. ఆ నీలం రాయి కాదు. కోబాల్ట్ కలిపి కాల్చిన గాజు పూత. అంటే నీలిగా మెరిసేదంతా గని నుంచి రాదు, కొంత కారీగర్ చేతి నుంచి కూడా వస్తుంది. రాళ్ళు ఏరే పిల్లలకు ఇది మొదటి సబఖ్.

కామారెడ్డి జమీన్ రెండు రకాలు. తూర్పున గ్రానైట్ గుట్టలు. పడమట మద్నూర్, జుక్కల్ వైపు పోతే నల్లరేగడి, దాని కింద నల్లరాయి. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. ఆ లావాలో గాలి బుడగలు మిగిల్చిన బొరియల్లో తర్వాత నీళ్ళు చేరి అకీక్, స్ఫటికం, జియోలైట్ లాంటివి పెరిగాయి. ఇదే నల్లరాయి మహారాష్ట్ర అంతా పరుచుకుని ఉంది. పుణె పక్కన వాఘోలీ క్వారీల్లో ఇట్లాంటి బొరియల నుంచే కావన్‌సైట్ అనే ఖనిజం బయటికొచ్చింది. కళ్ళు చెదిరే నీలం. 1967లో అమెరికాలోని ఓరెగాన్‌లో మొదట దొరికింది గానీ, దునియాలో అందమైన నమూనాలు వాఘోలీవే. కాల్షియం, వనాడియం, సిలికా పేర్ల ముక్కలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. పెద్ద మ్యూజియంలు ఆ ముక్కల్ని దాచుకుంటాయి. ఆ నల్లరాయి తూర్పు అంచు మన జిల్లాలో ఉంది.

అయితే మన దగ్గర నీలి ఛాయ ఉన్న ముక్క దొరికితే ముందు అనుమానించాల్సింది ఇంకోదాన్ని: చిట్టెం. ఇనుము కరిగించిన కొలిమిలో మట్టి, బూడిద, ఖనిజం కలిసి కరిగి గాజులా గడ్డకట్టేది. ఎక్కువగా నలుపు, ఆకుపచ్చ. కొన్ని ముక్కల్లో నీలి ఛాయ కూడా ఉంటుంది. పిల్లలు నిరాశపడి దాన్ని పారేస్తారు. పారేయొద్దు. ఎందుకో వినండి.

2016 అక్టోబర్ దాకా కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలో భాగం. ఆ నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం ఉంది. అక్కడి కమ్మరులు మూసల్లో ఇనుము కరిగించి ఫౌలాద్ చేసేవారు. డమాస్కస్ కత్తులని దునియా పిలిచే కత్తులకు కావాల్సిన ఉక్కు అది. 19వ సదీ మొదట్లో హెచ్.డబ్ల్యూ. వాయ్‌సీ అనే సర్వే డాక్టరు ఆ ఊరు చూసి రాశాడు. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ సౌదాగర్ అక్కడ ఉన్నాడని కూడా రాశాడు. వాయ్‌సీ 1824లో చనిపోయాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఇరాన్ సౌదాగర్ మన తెలంగాణ పల్లెలో, తెలుగు కమ్మరి కొలిమి పక్కన కూర్చుని, ముద్ద ముద్దా చూసి ఎంచుకునేవాడు. ఆ ఉక్కు మీద తేలే అలల గీతల్ని ఫార్సీలో 'జౌహర్' అంటారు. జవాహిర్ అనే మాటకు ఏకవచనం అదే. బిరూనీ కూడా నీలాన్ని తూచిన అదే కితాబులో హిందుస్తానీ ఉక్కు గురించి రాశాడు.

ఆ చిట్టెం దిబ్బలు చాలా ఊళ్ళలో రోడ్ల కింద, పొలాల కింద పోయాయి. అందుకే ఆ ముక్క దొరికిన చోటు రాసుకోవడం ముఖ్యం.

ఇక పరీక్ష. ఇంట్లో చేయగలిగినవే చెప్తాను.

మొదట భూతద్దం. లోపల గుండ్రటి బుడగలుంటే దాదాపు గాజో, చిట్టెమో. విరిగిన చోట గవ్వ లోపలిలా నున్నటి వంపులుంటే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది.

రెండు, గీత. నీలం స్ఫటికాన్ని గీస్తుంది. గాజు, ఫిరోజా, లాజవర్ద్ గీయలేవు. దాదీ ఉంగరం మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

మూడు, బిరూనీ తూకం. వంటింటి డిజిటల్ కాంటా చాలు. ముందు రాయి బరువు రాసుకోండి. తర్వాత నీళ్ళ గ్లాసు కాంటా మీద పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా నీళ్ళలో పూర్తిగా వేలాడదీయండి. కాంటా చూపే అంకెతో రాయి బరువును భాగించండి. 40 గ్రాముల రాయికి కాంటా 10 చూపిస్తే జవాబు 4. నీలం అంతే ఉంటుంది. లాజవర్ద్, ఫిరోజా 2.6 నుంచి 2.9 మధ్య ఉంటాయి. మామూలు గాజు 2.5 దగ్గర. ఇనుము ఎక్కువున్న చిట్టెం ఇంకా బరువు తూగుతుంది. అందుకే ఒక్క తూకం చూసి ఫైసలా చేయకండి, బుడగలు కూడా చూడండి. చిన్న ముక్కలకు వంటింటి కాంటా సరిపోదు, కంసాలి కాంటా కావాలి.

నడుస్తున్న క్వారీల్లోకి పిల్లల్ని పంపకండి. పొలంలో రైతు ఇజాజత్ అడగండి. కోటల నుంచి, పాత దిబ్బల నుంచి ఏమీ తవ్వకండి, చూసి ఫోటో తీసుకోండి.

ప్రతి రాయితో ఒక చీటీ పెట్టించండి. ఊరు, వాగు లేదా గుట్ట పేరు, తారీఖు, తూకం. తెలుగులో రాసినా ఫరక్ లేదు, ఉర్దూలో రాస్తే ఇంకా ఖుషీ. ఉర్దూలో సైన్స్ చదవొచ్చని 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టి చూపించిన ఇలాఖా మనది. ఇంట్లో ఆడపిల్లకు ఈ షౌక్ ఉంటే రాళ్ళ పిచ్చి అని నవ్వకండి. జియాలజీ పెద్ద చదువు, నౌకరీలున్న చదువు. చీటీలో మొదటి పేరు ఆమెదే రాయనివ్వండి. ఎక్కడ దొరికిందో తెలియని నీలం కంటే, ఎవరి ఊరి కొలిమిదో తెలిసిన చిట్టెం ముక్క ఆ పెట్టెలో ఎక్కువ ఇజ్జత్‌గా ఉంటుంది.