జొన్న పుట్టింటి శాస్త్రజ్ఞుడు

తెలంగాణములోను, రాయలసీమలోను తరతరాలుగా రొట్టెగా, సంకటిగా మన కడుపు నింపిన జొన్నకు పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. ఆ పుట్టింటనే జన్మించి, ఆ ధాన్యమునకే తమ జీవితమును ధారపోసిన శాస్త్రజ్ఞులు గెబీసా ఎజేటా. మంచి విత్తనమును కనిపెట్టుట ఎంత కష్టమో, దానిని రైతు చేతికి చేర్చుట కూడ అంత కష్టమే అని వారి చరిత్ర మనకు బోధించుచున్నది.

ఎజేటా 1950లో ఇథియోపియాలోని ఒక కుగ్రామమున, ఒంటి గది పూరింట పుట్టినారు. కుమారుడు చదువుకొనవలెనని తల్లి పట్టుదల. బడి 20 కిలోమీటర్ల దూరమున ఉండెడిది. ఆదివారము సాయంత్రము నడిచి వెళ్లి, వారమంతయు అక్కడనే ఉండి, శుక్రవారము తిరిగి ఇల్లు చేరెడివారు. 1973లో అలెమాయా కళాశాలలో పట్టము పొంది, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున జొన్నపై పరిశోధించి 1978లో డాక్టరేటు సాధించినారు.

మన హైదరాబాదు చెంత పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థతో వారికి సంబంధము కలిగినది అప్పుడే. ఆ సంస్థ తరపున వారు సూడాన్ దేశమునకు వెళ్లినారు. అచ్చట వారు రూపొందించిన 'హగీన్ దురా-1' అను సంకర జొన్న 1983లో విడుదలైనది. ఇది అనావృష్టికి ఓర్చి, నాటు రకములను మించి పండినది. అయితే సంకర విత్తనమునకు ఒక చిక్కు కలదు. పండిన గింజనే దాచి మరల విత్తినచో తొలి పంటనాటి బలము నిలువదు. కనుక ఏటేటా విత్తనమును కొత్తగా తయారుచేయు ఏర్పాటు కావలెను. ఎజేటా దానికొరకు కూడ పాటుపడినారు. 1999 నాటికి సూడాన్ రైతులు ఈ జొన్నను పది లక్షల ఎకరములలో పండించినారు.

1984లో పర్డ్యూలో ఆచార్యులైన పిదప వారి దృష్టి స్ట్రైగా అను కలుపుపై నిలిచినది. ఇది జొన్న వేళ్లను పట్టి, మొక్క సారమును పీల్చివేయును. దాని ధూళివంటి విత్తులు ఏండ్ల తరబడి నేలలో నిద్రించి, జొన్న వేరు నుండి ఊరు ఒక రసాయనపు జాడ తగిలిననే మొలకెత్తును. ఎజేటా, వారి సహచరులు ఈ మర్మమును శోధించినారు. ఆ జాడను మిక్కిలి తక్కువగా విడుచు జొన్నలను ఎంచి, మేలు రకములతో సంకరము చేసినారు. పిలుపు వినబడనిచో శత్రువు మేల్కొనదు కదా! 1994లో ఇట్టి విత్తనము ఎనిమిది టన్నులు 12 ఆఫ్రికా దేశములకు పంపిణీ అయినది. అంతటితో తృప్తిపడక, ఎరువు, తేమ సంరక్షణ, తట్టుకొను వంగడము, ఈ మూడింటిని కలిపి వాడు పద్ధతిని రైతులకు నేర్పించినారు.

2009లో ప్రపంచ ఆహార బహుమానము వారిని వరించినది. వరి, గోధుమలకు లభించిన ఆదరము జొన్నకు లభించలేదు. అది పేదవాని పంట. వాన తప్పిన ఏట మెట్టపొలములో ఆ పేదవాని ఆశ యంతయు దానిపైననే. ఆ ఆశను నిలుపుటకు పరిశోధనాలయములో పుట్టిన గింజ ఒక్కటే చాలదు. దానిని పెంచువారు, పంచువారు, నేర్పువారు కూడ కావలెనని ఎజేటా జీవితము మనకు చాటుచున్నది.