స్టైరీన్: చల్లగా ఉంటేనే భద్రం.. పక్కన ఉండేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

కొత్త టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్, ఫ్రిజ్ లోపలి తెల్లటి గోడలు, కారు టైర్లలోని రబ్బరు, మత్స్యకారుల ఫైబర్ పడవలు.. వీటన్నిటి తయారీలోనూ వాడే రసాయనం స్టైరీన్.

ఇది రంగులేని ద్రవం. తక్కువ మోతాదులో తియ్యటి వాసన వస్తుంది. దీని అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటే పాలిస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్ అవుతుంది. థర్మాకోల్ అదే. దాన్ని చేత్తో పట్టుకుంటే భయం లేదు. భోగి మంటలో వేస్తేనే చిక్కు: ఆ నల్లటి పొగలో స్టైరీన్ కూడా ఉంటుంది.

అసలు ప్రమాదం ద్రవ రూపంలో నిల్వ చేసినప్పుడే. గొలుసు కట్టడం దానంతట అదే మొదలవుతుంది. అప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గొలుసు కట్టే వేగం ఇంకా పెరుగుతుంది. 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవం మరుగుతుంది. అందుకే ట్యాంకును ఎప్పుడూ చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకాన్ని కలపాలి. ఆ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. వీటిలో ఏది తప్పినా ముప్పే.

విశాఖలో ఏం జరిగింది?

2020 మే 7న తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. లాక్‌డౌన్‌తో ప్లాంటు ఆగినా సరుకు ట్యాంకులోనే ఉండిపోయింది. శీతలీకరణ 24 గంటలూ నడవలేదని, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగునే కొలిచారని, నిరోధకం చాలినంత లేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఒక్కటీ మోగలేదు. నిద్రలో ఉన్న ఊరికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

పీలిస్తే ఏమవుతుంది?

కళ్లు, గొంతు మండుతాయి. తల తిరుగుతుంది. మోతాదు పెరిగితే స్పృహ తప్పుతుంది. ఏళ్ల తరబడి పీల్చే కార్మికుల ముప్పు వేరు. స్టైరీన్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో వర్గీకరించింది.

లీకైతే ఏం చేయాలి?

ఈ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. పల్లంలో, సెల్లార్లలో పేరుకుంటుంది, అటు వెళ్లొద్దు. గాలి వీచే దిశకు అడ్డంగా కదలాలి. కాసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు. స్టైరీన్ నీళ్లలో పెద్దగా కరగదు, కాబట్టి తడిగుడ్డను నమ్ముకుని అక్కడే ఉండిపోవద్దు. నిప్పు వెలిగించొద్దు. 112కు లేదా 108కి ఫోన్ చేయండి.

ముందే అడగొచ్చా?

అడగొచ్చు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, నిర్ణీత పరిమాణానికి మించి నిల్వ చేసే కంపెనీ తన ప్రమాదం గురించి, తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి చుట్టుపక్కల వారికి చెప్పాలి. ఫ్యాక్టరీ బయట అమలు చేసే అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. మీ ప్రాంతానికి అది ఉందో లేదో సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌ను అడగండి. ప్రమాదం జరిగితే 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద, కంపెనీ తప్పును నిరూపించకుండానే, అయిదేళ్లలోపు కలెక్టర్‌కు పరిహారం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.