బెలూన్ దొర, ఆయన కలకత్తా శిష్యుడు

మా అన్న మనవడు మొన్న దీపావళికి దుబాయ్ నుంచి బొంబాయి వచ్చిండు. అక్కడ విమానంలోంచి పారాచూట్‌తో దూకిన వీడియో ఇంటిల్లిపాదికీ చూపించాడు. మా వదిన సగంలోనే కళ్లు మూసుకుంది. వాడు మాత్రం నన్ను ఒకటే అడిగాడు: "తాతా, మన దేశంలో ఇట్ల ఫస్టు దూకింది ఎవరు?" ఆ రోజు జవాబు లేదు నా దగ్గర. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

విమానం ఇంకా పుట్టని రోజులవి. గ్యాసు నింపిన బెలూన్ ఎక్కి, పైనుంచి దూకడం ఒక తమాషా, టికెట్టు పెట్టి చూపించే ఆట. 1887 జనవరి 30న అమెరికాలో థామస్ బాల్డ్విన్ అనే సర్కస్ మనిషి శాన్‌ఫ్రాన్సిస్కోలో అలా దూకాడు. మరుసటి ఏడు లండన్ వచ్చి అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జనాన్ని వెర్రెత్తించాడు. ఆ వెనకే రంగంలోకి దిగినవాడు పెర్సివల్ స్పెన్సర్. అప్పటికి 24 ఏళ్లవాడు.

ఇతని ఇంటి కథ వింటే మన కులవృత్తుల ఇళ్లు గుర్తొస్తాయి. తాత ఎడ్వర్డ్ వృత్తికి వకీలు, కానీ పేరుమోసిన బెలూన్ మనిషి చార్లెస్ గ్రీన్‌కు దోస్తు. 1837లో కాకింగ్ అనే పెద్దాయన తాను సొంతంగా కట్టుకున్న పారాచూట్‌తో గ్రీన్ బెలూన్ కింద వేలాడి వెళ్లి, అది విరిగి చనిపోయాడు. ఆ రోజు పైన బుట్టలో గ్రీన్ పక్కన ఉన్నది ఈ ఎడ్వర్డే! కళ్లముందు అంత జరిగినా బెలూన్ మీద ప్రేమ పోలేదు. కొడుక్కి చార్లెస్ గ్రీన్ అనే పేరే పెట్టుకున్నాడు. ఆ కొడుకు లండన్‌లో బెలూన్లు కుట్టే కార్ఖానా పెట్టాడు. మనవలు పెర్సివల్, ఆర్థర్, స్టాన్లీ అందరూ అదే పనిలో పెరిగారు.

అప్పటి పారాచూట్‌కు ఇప్పటిలా వీపు సంచీ లేదు. గుడ్డని బెలూన్ పక్కన ఒక సన్నటి తాడుతో వేలాడదీసేవారు. మనిషి కింద కడియం పట్టుకుని, ఒక పట్టీ మీద కూర్చునేవాడు. దూకగానే బరువుకి తాడు తెగేది, గాలికి గుడ్డ విచ్చుకునేది. విచ్చుకోకపోతే రెండోది లేదు.

స్పెన్సర్ ఈ సరంజామాతో దేశాలు పట్టి తిరిగాడు. 1889లో మన బొంబాయిలో దూకాడు, కలకత్తా పోయాడు. అక్కడ మొదటి రోజే ఇబ్బంది. గ్యాసు చాలలేదు, పొద్దు వాలుతోంది, మైదానం నిండా జనం. బరువు తగ్గించడానికి పారాచూట్ కూడా వదిలేసి, తాళ్లకు వేలాడుతూ పైకి పోయాడు. మూడు రోజుల దాకా జాడ లేదు. చచ్చిపోయాడనే పత్రికలు రాశాయి. సుందరవనాల వైపు పల్లెల్లో దిగి, నడిచీ పడవెక్కీ తిరిగొచ్చాడు. వచ్చి మళ్లీ దూకాడు.

ఆయన్ని చూసి ఊరుకోని బెంగాలీ ఒకడున్నాడు. రామచంద్ర చటర్జీ. కసరత్తు, సర్కస్ తెలిసిన మనిషి. 1889 ఏప్రిల్‌లో స్పెన్సర్‌తో కలిసి బెలూన్ ఎక్కాడు. మే 4న ఒంటరిగా ఎగిరాడు. స్పెన్సర్ దగ్గరే బెలూన్ కొని దానికి 'సిటీ ఆఫ్ కలకత్తా' అని పేరు పెట్టాడు. 1890 మార్చి 22న కలకత్తా టివోలీ గార్డెన్స్‌లో పారాచూట్‌తో దిగాడు. మావాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మన దేశస్థుల్లో మొదటివాడు ఇతనే.

ఇక్కడి నుంచి గురుశిష్యుల దారులు చీలిపోయాయి. స్పెన్సర్ 1890 చివర జపాన్‌లో ఉన్నాడు, చక్రవర్తి ముందే దూకాడు. మరుసటి జనవరికల్లా తోక్యోలో ఆయన మీద కబుకీ నాటకమే ఆడారు. ఊరూరా తిరిగిన ఈ మనిషి చివరికి లండన్ చేరాడు. చేరి వేరే పని చూసుకోలేదు. అదే ఇంటి కార్ఖానా, అవే బెలూన్లు, పార్కుల్లో ప్రదర్శనలు, వాతావరణ పరిశోధకుల్ని పైకి తీసుకుపోవడం. తమ్ముడు స్టాన్లీ 1902లో ఇంజను పెట్టిన ఎయిర్‌షిప్ లండన్ మీద నడిపాడు. ఆ స్టాన్లీ మాత్రం 1906లో ఇండియా వచ్చి తిరిగి పోతూ టైఫాయిడ్‌తో మాల్టాలో పోయాడు. పెర్సివల్ 1913 దాకా ఉన్నాడు.

చటర్జీ అలహాబాదు, ఢిల్లీ, లాహోర్ తిరిగి చూపించాడు. 1892లో చనిపోయాడు. చూడండి, మొదటి ఎగురుడుకీ చావుకీ మధ్య మూడేళ్లు. ధైర్యంలో గురువుకి తీసిపోయినవాడు కాదు. కానీ తిరిగొచ్చి కూర్చోవడానికి ఆయనకు కార్ఖానా లేదు, గుడ్డ కుట్టే తండ్రి లేడు, వెంట దూకే తమ్ముళ్లు లేరు. కొన్న బెలూన్ ఒక్కటి. ఆయనతోనే ఆ విద్య ఆగింది. మన దేశంలో పారాచూట్ దళం మొదలైంది 1941 అక్టోబరులో, అదీ యుద్ధం కోసం, సైన్యంలో. చటర్జీ దూకినప్పుడు పుట్టిన బిడ్డకి అప్పటికి యాభై నిండి ఉంటాయి.

ఇది రాస్తుంటే మా ముత్తాత గుర్తొచ్చాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి పరేల్ మిల్లులో సాంచా పట్టాడు. మా తాత పట్టాడు, నాయన పట్టాడు. 1982 సమ్మె తర్వాత మిల్లు మళ్లీ తెరుచుకోలేదు. నేను గుమాస్తానయ్యాను. పోగు అతికించడం నాయన నాకు చిన్నప్పుడు చూపించాడు, చేతులకు ఇంకా గుర్తే. చేయడానికి సాంచా లేదు.

మావాడికి ఫోన్ చేసి చటర్జీ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తాతా, ఆయనకి రెండో పారాచూట్ కూడా లేదు కదా" అన్నాడు.