మంగుళూరు పెంకు నుంచి తెల్ల స్లాబు దాకా

గార్చింగ్ సైట్లలో పనిచేసే మాకు ఎర్ర పెంకు కప్పు కొత్తేం కాదు. అసలా పెంకు మన దేశానికి వచ్చింది కూడా జర్మన్ల చేతుల మీదుగానే. 1865లో బాసెల్ మిషన్ తరఫున ప్లెబ్స్ట్ అనే జర్మన్ మిషనరీ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టించాడు. అంతకుముందు మనవి తాటాకు ఇళ్ళు, గూన పెంకులు, రాయలసీమలో మట్టి మిద్దెలు.

పెంకు సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండని దాచుకుని, రాత్రి గదిలోకి వదులుతుంది. తుపానుకి నిలుస్తుంది, పైన ఇంకో అంతస్తు లేపుకోవచ్చు కాబట్టి అందరూ దానికే మారారు, తప్పు పట్టలేం. కానీ మే నెలలో ఇంటికి ఫోన్ చేసి చూడండి, పెద్దవాళ్ళు రాత్రి పదకొండయినా డాబా మీదే ఉంటారు.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలని లక్ష్యం. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి, చిన్నవాటికి మన ఇష్టం. మనం డబ్బు పంపి కట్టించేవి ఎక్కువగా ఆ చిన్నవే.

అందుకే మేస్త్రితో లెక్క మాట్లాడేటప్పుడే తెల్ల టైల్సో, కూల్ రూఫ్ పెయింటో రాయించండి. ముందు వాలు, వాటర్‌ప్రూఫింగ్ చూసుకుని, ఆ తర్వాతే తెలుపు. చేతిలో డబ్బు తక్కువైతే సున్నం చాలు, కాకపోతే ఏటా వేయాలి. ఏది వేసినా వేసవికి ముందు దుమ్ము కడిగించాలి.