నిమ్మకాయా? బ్రేకు ప్యాడా?

సెప్టెంబరు 17 వచ్చిందంటే మా బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో యంత్రాలన్నిటికీ పూజలే. ఆ రోజు విశ్వకర్మ పూజ. షెడ్లలో మిషన్లకు, ఇళ్ళ ముందు మోటారు సైకిళ్ళకు బొట్లు, పూలదండలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మన వాళ్ళు దసరాకి మరోసారి బళ్ళు కడిగి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు.

పండగ ఎవరిష్టం వారిది. నా ప్రశ్న వేరు. నిమ్మకాయ తొక్కిన ఆ బండికి బ్రేకు ప్యాడ్లు ఏ ఆధారంతో ఎన్నుకుంటున్నాం?

స్పోర్ట్స్ బైకులున్న కాలనీ కుర్రాళ్ళు "బాబాయ్, రేసు బళ్ళకు వాడేవి వేయిస్తే మేలు కదా?" అని అడుగుతుంటారు. ఖరీదైనదే మంచిదని ఒకడంటాడు. నొక్కగానే చక్రం బిగుసుకుపోవాలి, అదీ బ్రేకంటే, అని ఇంకొకడు. గుడికి వెళ్ళని వాడు కూడా ఈ మాటలు మాత్రం గుడ్డిగా నమ్ముతాడు. వీటిలో ఏది నిజమో తేల్చిన చరిత్ర ఒకటుంది. అది మోటారు సైకిలుది కాదు, రైలుది.

తొలినాళ్ళలో రైలును ఆపడానికి ఇంజను మీదా, గార్డు పెట్టెలోనూ చేతి బ్రేకులే ఉండేవి. 1872లో అమెరికన్ ఇంజనీరు జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఆటోమేటిక్ గాలి బ్రేకు తయారుచేశాడు. గొట్టంలో గాలి పీడనం ఉన్నంతసేపే బ్రేకు వదులుగా ఉంటుంది. గొట్టం తెగినా, రైలు రెండు ముక్కలైనా పీడనం పడిపోయి బ్రేకు తనంతట తానే పట్టుకుంటుంది. 1875 జూన్‌లో ఇంగ్లండులోని న్యూఆర్క్ దగ్గర, రైలు ప్రమాదాలపై వేసిన రాయల్ కమిషన్ కోసం రకరకాల బ్రేకులను రైళ్ళకు అమర్చి పరీక్షించారు. వెస్టింగ్‌హౌస్ ఆటోమేటిక్ బ్రేకే మిన్న అని తేలింది.

తేలింది కదా, అందరూ అమర్చుకున్నారా? లేదు. ఖర్చన్నారు, మా పద్ధతే చాలన్నారు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర ఆదివారపు బడి పిల్లల విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. దాన్ని రెండు భాగాలుగా విడదీశారు. ఉన్నది ఆటోమేటిక్ కాని వాక్యూమ్ బ్రేకు. విడిపోయిన పెట్టెలకు గార్డు చేతి బ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్ళూ తప్ప మరో దిక్కు లేదు. అవి వెనక్కి జారి, వెనక వస్తున్న రైలును గుద్దాయి. 80 మంది దాకా చనిపోయారు. వారిలో పిల్లలు ఎందరో. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళకు ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేసింది. పరీక్షకూ చట్టానికీ మధ్య 14 ఏళ్ళు!

ఇక చక్రం బిగుసుకోవాలనే నమ్మకం సంగతి. 1878లో డగ్లస్ గాల్టన్ అనే ఇంజనీరు, వెస్టింగ్‌హౌస్ సహకారంతో, నడుస్తున్న రైలు మీద కొలతలు తీశాడు. రెండు విషయాలు బయటపడ్డాయి. చక్రం తిరగడం ఆగి పట్టా మీద జారితే, ఆపే శక్తి బాగా పడిపోతుంది. రెండోది, పోత ఇనుప బ్రేకు బ్లాకు రాపిడి అన్ని వేగాల్లోనూ ఒకటిగా ఉండదు. ఆగబోయే ముందు ఉన్న రాపిడిలో, గంటకు 96 కిలోమీటర్ల వేగంలో ఉండేది నాలుగో వంతు కూడా కాదు. మన దేశంలో 125 సీసీ దాటిన బైకులకు 2019 నుంచి తప్పనిసరైన ఏబీఎస్ చేసే పని చక్రాన్ని బిగుసుకోనివ్వకపోవడమే. గాల్టన్ 1878లో కొలిచి చూపినదానికి మన రోడ్ల మీద 141 ఏళ్ళకు చట్టం వచ్చిందన్నమాట.

రోడ్డు బండి బ్రేకులో రాపిడి కోసం వేసే పదార్థానిది ఇంకా చేదు కథ. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ ఈ పరిశ్రమ మొదలుపెట్టాడు. ఆయన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, ఒకటి కలిపితే వచ్చిందే ఫెరోడో. నూలు పట్టీలు వేడికి మాడిపోతుంటే 1908లో ఆస్బెస్టాస్‌కు మారాడు. అది మాడలేదు, బాగా ఆపింది. బండి పరీక్షలో నెగ్గింది. మనిషిని ఎవరూ పరీక్షించలేదు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనేవారు బ్రిటన్ ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో 363 మంది కార్మికులను పరీక్షిస్తే 95 మందికి ఊపిరితిత్తుల జబ్బు కనిపించింది. అక్కడ పూర్తి నిషేధం వచ్చింది 1999లో! మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్‌పై సంపూర్ణ నిషేధం నేటికీ లేదు.

మోటారు సైకిలుకు వద్దాం. 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి డిస్క్ బ్రేకుతో వచ్చింది. మన దగ్గర 1999లో సీబీజెడ్, తర్వాత పల్సర్ దాన్ని కుర్రాళ్ళకు అలవాటు చేశాయి. స్టెయిన్‌లెస్ డిస్కులు వానలో తడిస్తే మామూలు ప్యాడ్లు సరిగా పట్టేవి కావు. లోహపు పొడిని వేడిచేసి గట్టిపరిచిన సింటర్డ్ ప్యాడ్లు దానికి మందుగా వచ్చాయి. వానకూ, వేడికీ అవి మేలు. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన, డిస్కును తక్కువ అరగదీస్తాయి. రేసు ప్యాడ్లు వేడెక్కితేగాని సరిగా పట్టవు. పొద్దున్నే డ్యూటీకి చల్లటి బ్రేకుతో బయలుదేరేవాడికి అవెందుకు?

చాలా ప్యాడ్ల వెనక రెండు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది బాగా వేడెక్కాక. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.55 దాకా, హెచ్ అంటే ఆ పైన. హెచ్ కనబడగానే మురిసిపోవద్దు. అరుగుదల గురించి, తడిలో పట్టు గురించి ఆ అక్షరం ఏమీ చెప్పదు. ముందు మీ డిస్కుకు ఏ రకం వాడమని తయారీదారు చెప్పాడో చూడండి. అట్టపెట్టె మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉందో లేదో చూడండి. పాత ప్యాడ్ల ధూళిని గాలి పైపుతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి. ఆ ధూళి పీల్చేది మీరు కాదు, రోజూ పది బళ్ళు విప్పే మెకానిక్కు.

బిలాస్‌పూర్ నుంచి పెండ్రా వైపు వెళ్ళే దారిలో భన్వర్‌టోంక్ ఘాట్ ఉంది. పట్టాల పక్కనే మర్హీ మాత గుడి. దండం పెట్టేవాళ్ళు పెడతారు. కానీ మా యార్డులో గూడ్సు బండి కదలాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉండాలి. ఎన్ని బ్రేకు సిలిండర్లు పనిచేస్తున్నాయో లెక్కకట్టి, శాతం వేసి, సంతకం చేసిన కాగితం అది. విశ్వకర్మకు పూజ చేసే ఉద్యోగులే ఆ కాగితం లేకుండా బండిని వదలరు.

ఆ కాగితంలో నిమ్మకాయకు గడి లేదు.