ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల్లో డబ్బు, అధికారం

మంత్రాలు, రాక్షసులు ఉన్న ఊహాలోకాల్లో సాగే రోల్ ప్లేయింగ్ ఆటల్లో సొమ్ము ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతికి చేరుతుంది, దాన్నిబట్టి ఎవరు ఎవరిని ఏలుతారు అన్న చరిత్ర 1974లో మొదలైంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆ ఏడాదే వెలువడింది.

ఆ ఆట తొలి నియమాల్లో ఒక బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు. నేలమాళిగల్లోంచి మోసుకొచ్చిన సొమ్ము పెరిగేకొద్దీ పాత్ర లెవెల్ పెరిగేది, లెవెల్‌తో పాటు దెబ్బలకు తట్టుకునే శక్తీ పెరిగేది. మామూలు లోకంలో డబ్బు మనుషుల్నీ ఆయుధాల్నీ కొనిపెడుతుంది. ఇక్కడ అది నేరుగా ఒంటి బలమైంది. జీవితమంతా పొలం దున్నిన రైతుకు ఈ లెక్కలో చోటే లేదు. తర్వాత వచ్చిన ఆటల్లో చాలావాటికి ఈ లోటే ప్రశ్నగా నిలిచింది.

1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో గైగాక్స్ ధరల గురించి వివరణ ఇచ్చాడు. బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో అలాస్కా పట్టణాల్లో గుడ్డు ఒక డాలరు పలికింది. సాహసికులు తిరిగే ఊళ్లలో ధరలు కూడా అలాంటివేనన్నాడు. పోగుపడిన బంగారాన్ని ఖర్చు చేయించడానికి 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో పన్నులు పెట్టాడు, పై లెవెల్‌కు వెళ్లేందుకు శిక్షణ రుసుమూ పెట్టాడు. ఆ తరం నియమాల్లో యోధుడు 9వ లెవెల్‌కు చేరితే కోట కట్టుకుని ప్రభువు కావచ్చు. అప్పుడు తన నేల మీద బతికే ఒక్కొక్కరి పేరిట నెలకు 7 వెండి నాణేల ఆదాయం అతనికి ముడుతుంది. ఆ 7 నాణేలూ కట్టే మనిషి ఏం తిని బతుకుతాడో నియమాలు పెద్దగా పట్టించుకోలేదు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ పట్టికల్లో ఈ అంతరం అంకెల్లోనే కనిపిస్తుంది. ఏ పనీ నేర్వని కూలీకి రోజుకు ఒక వెండి నాణెం. పది వెండి నాణేలు ఒక బంగారు నాణెంతో సమానం. పొడవాటి కత్తి ఖరీదు 15 బంగారు నాణేలు, అంటే 150 రోజుల కూలి. ఒళ్లంతా కప్పే లోహ కవచం 1,500. పైసా ఖర్చు పెట్టకుండా దాచినా కూలీకి అది అందడానికి 41 ఏళ్లు పడుతుంది. అదే పుస్తకాల ప్రకారం 20వ లెవెల్ పాత్ర దగ్గర ఉండాల్సిన ఆస్తి 7,60,000 బంగారు నాణేలు, అంటే 76 లక్షల రోజుల కూలి. అలాంటి నలుగురు ఊళ్లోకి అడుగుపెడితే అక్కడి సంత ఏమవుతుందన్నది శ్రద్ధగా ఆడిన ప్రతి బృందానికీ ఎదురయ్యే ప్రశ్న.

దీనికి వేరే దారి వెతికినవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషలు బోధించిన ఎం.ఎ.ఆర్. బార్కర్ 1975లో 'ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్' తెచ్చాడు. అందులోని టెకుమెల్ లోకంలో లోహం అరుదు. మనిషి విలువ అతని మూటను బట్టి కాక, అతని వంశకూటమిని బట్టి తేలుతుంది. ఆటగాళ్లు జకల్లా రేవుకు వచ్చిపడిన పరదేశులుగా మొదలవుతారు. చేతిలో నాణేలున్నా అండ లేనివాడికి ఆ ఊళ్లో విలువ లేదు. సాటి ఆటలన్నిటికంటే సమాజాన్ని లోతుగా చూసిన ఆట ఇదేనని చెప్పాలి. 1977 నాటి 'షివల్రీ అండ్ సోర్సరీ' పుట్టుకకూ హోదాకూ నియమాలు కట్టింది. 1985 నాటి 'పెండ్రాగన్'లో ప్రతి ఏడాదీ శీతాకాలం రాగానే ఆట ఆగుతుంది. అప్పుడు పంట, పోషణ ఖర్చు, పిల్లలు, గుర్రం బతికిందా లేదా అన్న లెక్కలు చూస్తారు. 1986 నాటి 'వార్‌హామర్' ఎలుకలు పట్టేవాడినీ సమాధులు తవ్వే దొంగనూ కథానాయకులను చేసింది.

1991లో వచ్చిన 'డార్క్ సన్'లో లోహం కరవై మట్టి నాణేలు చలామణీ అవుతాయి. అదుపు లేకుండా మంత్రం వేస్తే చుట్టుపక్కల పచ్చదనం మాడిపోతుంది. మాంత్రిక రాజులు బానిసల మీద నగరాలు నడుపుతారు. కీత్ బేకర్ సృష్టించిన 'ఎబెరాన్' 2004లో వచ్చింది. అందులో బ్యాంకులు, రవాణా, వైద్యం కొన్ని కుటుంబాల గుత్తాధిపత్యంలో ఉంటాయి. ఆ పనులకు కావాల్సిన మంత్రశక్తి వంశపారంపర్యంగా ఒంటిమీద గుర్తుగా వస్తుంది కాబట్టి బయటివాడు ఎంత కష్టపడినా ఆ పని చేజిక్కించుకోలేడు.

కంప్యూటర్ ఆటల్లో వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడటంతో కాగితం మీది లెక్కలు నిజమైన సంతలయ్యాయి. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్' వనరులకు హద్దు పెట్టి చూసింది. ఆటగాళ్లు సరుకంతా ఇళ్లలో దాచేసుకోవడంతో ఆ పద్ధతిని వదులుకోవాల్సి వచ్చింది. 'ఎవర్‌క్వెస్ట్' ఆటలోని నోరాత్ లోకాన్ని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా 2001లో అధ్యయనం చేశాడు. ఆటగాళ్లు బయట డాలర్లకు అమ్ముకునే వస్తువుల ధరలను బట్టి అక్కడి సంపాదన గంటకు 3.42 డాలర్లని, తలసరి ఉత్పత్తి రష్యా, బల్గేరియాల మధ్య ఉందని లెక్కగట్టాడు.

బంగారానికి పాయింట్లిచ్చే నియమాన్ని 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1989 నాటి రెండో ఎడిషన్‌లోనే ఐచ్ఛికం చేసింది. 2006లో 'ఓస్రిక్'తో ఊపందుకున్న పాత పద్ధతి ఆటలు దాన్ని మళ్లీ తెచ్చుకున్నాయి. ఆ బల్లల దగ్గర ఇప్పటికీ నాణేల మూట బరువు, దాన్ని మోసుకొచ్చే కూలీల జీతం లెక్క వేసుకునే ఆట సాగుతుంది.