గ్రామఫోను పళ్ళెము – ముల్లు – వేగము

గ్రామఫోను రికార్డును వినడమంటే పళ్ళెమును తిప్పి ముల్లు పెట్టడమే అని సామాన్యముగా అనుకుంటాము. కాని ప్రతి రికార్డుకు ఒక కాలమున్నది. అది ఏ పదార్థముతో, ఏ వేగముతో తయారైనదో తెలియక చేసే ఉపచారము అపచారముగా పరిణమించవచ్చును. పళ్ళెము అమరికలో మనము పాటించే నియమములన్నీ చరిత్ర నేర్పిన పాఠములే.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపముపై ధ్వనిని నిలిపినాడు. 1887లో ఎమిల్ బెర్లినర్ స్తూపమును విడిచి చదునైన బిళ్ళను చేపట్టినాడు. తొలిదినములలో దానిని చేతితోనే తిప్పేవారు. చేయి తడబడితే స్వరము కూడా తడబడేది. 1896లో ఎల్‌డ్రిడ్జి జాన్సన్ ఆ యంత్రమునకు స్ప్రింగు మోటారును సమకూర్చినాడు. స్ప్రింగు శక్తినిస్తుంది, గవర్నరు వేగమును అదుపులో ఉంచుతుంది. కనుక కీ పెట్టెలో పాట మధ్యలో మందగించితే, స్ప్రింగు నీరసించినదో, గవర్నరు వద్ద పాత చమురు గట్టిపడినదో ముందుగా చూడవలెను.

వేగము విషయము మరింత సూక్ష్మమైనది. 1902 నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసిన నాటికి నిర్ణీతమైన వేగమంటూ లేదు. నిమిషమునకు 78 చుట్లు అనేది 1925లో విద్యుత్ పద్ధతి వచ్చిన తరువాతనే స్థిరపడినది. 74 చుట్ల వేగముతో తయారైన రికార్డును 78తో తిప్పితే శ్రుతి దాదాపు షడ్జమము నుండి శుద్ధ రిషభమునకు ఉన్నంత దూరము పైకి పోతుంది. కాలప్రమాణము పెరుగుతుంది, గాత్రము సన్నబడుతుంది. మనము వినేది ఆ గాయని గొంతు కానేకాదు! మన దేశపు 50 సైకిళ్ళ విద్యుత్తుపై వెలిగే నియాన్ దీపము క్రింద 77 గీతల స్ట్రోబు బిళ్ళ నిలకడగా కనిపిస్తే పళ్ళెము 77.92 చుట్లు తిరుగుతున్నదని అర్థము. అంతకు పూర్వపు రికార్డులకు మాత్రము చెవియే ప్రమాణము. గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పుకొనేది. ఆ పలుకు సహజముగా వినిపించే వరకు వేగమును సవరించుకొనవచ్చును.

ఇక ముల్లు. 78 రికార్డులు లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. 1908 నుండి కలకత్తా సియాల్దాలో వీటిని అచ్చువేసినారు. ఆ రాతిపొడి ఉక్కుముల్లును గాడి ఆకృతికి అరగదీస్తుంది. అరిగిన ముల్లును మరల వాడితే, దాని పదునైన అంచులు గాడిని కోస్తాయి. ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క క్రొత్త ముల్లు అన్న నియమమునకు కారణమిదే.

1948లో కొలంబియా సంస్థ 33⅓ చుట్ల వినైల్ రికార్డును వెలువరించడముతో గాడి సన్నబడినది. 78కి ముల్లు మొన సుమారు అంగుళములో వేయింట మూడు వంతులైతే, దీనికి ఒక వంతు చాలును. సన్నని మొన పాత గాడి అడుగున దొర్లి గరగరమంటుంది. ఉక్కుముల్లు వినైల్‌ను ఒక్కసారికే పాడుచేస్తుంది. పాత సౌండు బాక్సు బరువు నూరు గ్రాములకు పైమాట. నేటి పికప్పులకు చాలావరకు రెండు గ్రాములు చాలును. అలాగని తయారీదారు చెప్పిన దానికంటె తగ్గించడము దయ కాదు. తేలికైన ముల్లు ఎగిరిపడి గాడి గోడలను కొడుతుంది.

ముల్లు ఒకేచోట చిక్కి అదే మాటను వల్లిస్తుంటే పికప్పుపై నాణెము పెట్టేవారున్నారు. అది తగదు. మొదట పళ్ళెము సమమట్టముగా ఉన్నదో లేదో చూచి, గాడిలోని ధూళిని మెత్తని బ్రష్షుతో తీయవలెను. లక్క రికార్డును ఎన్నడూ స్పిరిటుతో తుడువరాదు. వడ్రంగులు లక్కను స్పిరిటులో కరిగించియే పాలిష్ చేస్తారని మనకు తెలిసినదే కదా! రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చక, ఎండ తగలనిచోట నిలువుగా ఉంచవలెను.

కరుణశ్రీ 'పుష్పవిలాపము'ను ఘంటసాల గళములో తెలుగు ఇండ్లకు చేర్చినది ఇటువంటి రికార్డే. చెడిన మోటారును బాగుచేయవచ్చును, తెగిన స్ప్రింగును మార్చవచ్చును. ఒకసారి అరిగిన గాడిని పూడ్చి తిరిగి గీసే పనివాడు మాత్రము లేడు. అటకపై ఉన్న రికార్డును దించిన వారు ముందు దాని కాలమును గుర్తించి, ఆ పిదపనే ముల్లును ఎన్నుకొనవలెను.